దరఖాస్తు నింపుతున్నది ఎవరు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రజలకు అందే సేవల రూపకల్పన గురించి గోదావరి డెల్టా నుంచి వచ్చిన ఉత్తరాలలో అయిదింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను. మొదటి ఉత్తరంలోని విషయం తక్కినవాటికీ ఆధారం కనుక దానికి ఎక్కువ చోటు తీసుకున్నాను.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా ఊళ్లో కౌలు రైతులు పంట నమోదుకూ, ధాన్యం అమ్మకానికీ పడుతున్న అవస్థ చూసి, నలుగురు స్నేహితులం కలిసి ఒక యాప్ నమూనా తయారు చేయాలనుకుంటున్నాం. కోడ్ రాయడం వచ్చు గానీ, వాడేవారికి తేలికగా ఉండేలా దానిని రూపొందించడం మాకెవరూ నేర్పలేదు. డబ్బు కట్టి కోర్సులు చేసే స్తోమత లేదు. ఉచితంగా దొరికే మంచి వనరులు ఏవి? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, అమలాపురం

జవాబు: చదవవలసినవాటి పేర్లు చెబుతాను. అంతకు ముందు మీరు నలుగురూ మీ ఊరి రైతు సేవా కేంద్రంలోనో, సచివాలయంలోనో రెండు ఉదయాలు ఊరికే కూర్చుని రావాలి. ల్యాప్‌టాప్ తీయకుండా, ఎవరు ఏమి అడిగారు, ఎవరు ఏ కాగితం కోసం వెనక్కు వెళ్లారు, ఎవరు ఎంతసేపు నిలబడ్డారు అన్నది ఒక పుస్తకంలో రాసుకోండి. అలా కూర్చున్నవారికి మొదట కనిపించేది ఏమిటంటే, దరఖాస్తు రైతుదే అయినా దానిని నింపుతున్నది రైతు కాదు. వ్యవసాయ సహాయకుడో, డిజిటల్ అసిస్టెంటో, నెట్ సెంటర్ కుర్రాడో నింపుతుంటే, హైదరాబాదులో ఉన్న కొడుకు ఫోనులో ఓటీపీ చదివి వినిపిస్తుంటాడు. అంటే మీ యాప్‌ను వాడేవారు ఇద్దరు: చెప్పేవారు ఒకరు, నొక్కేవారు ఒకరు. ఈ సంగతి గుర్తించకుండా తయారైన తెర ఎంత అందంగా ఉన్నా, ఆ ఇద్దరిలో ఒకరిని గాలికి వదిలేస్తుంది.

నేను ఒక దాళ్వా కోతల కాలంలో తూర్పు డెల్టాలోని ఒక కేంద్రంలో ఇలాగే కూర్చున్నాను. తెర మీద ‘రబీ’ అని ఉంది, ఎదుట నిలబడిన పెద్దాయన ‘దాళ్వా అండీ’ అంటున్నారు. తెర క్వింటాళ్లు అడుగుతోంది, ఆయన బస్తాలు చెబుతున్నారు. తెర సర్వే నంబరు అడుగుతోంది, ఆయన ‘పంట బోదె పక్క చేను’ అంటున్నారు. బస్తా 75 కిలోలన్న లెక్కన 40 బస్తాలను 30 క్వింటాళ్లుగా మార్చడం, చేను గుర్తును నంబరుగా మార్చడం అంతా ఆ ఉద్యోగి బుర్రలోనే జరిగిపోయింది. ఎక్కడా రాతలో లేని ఆ మార్పులలో ఒక్కటి తప్పినా, డబ్బు ఖాతాలో పడని రోజు దాకా ఆ పెద్దాయనకు తెలిసే దారి లేదు. మీరు చేయగల మంచి పని మొదట ఇక్కడే ఉంది. బస్తాలలో చెప్పినా తీసుకుని, క్వింటాళ్లలో ఎంతయిందో పక్కనే చూపించి, నింపిన వివరాలన్నింటినీ చివర ఒకే పేజీలో పెద్ద అక్షరాలతో రైతుకు తిప్పి చూపించేలా, చదవలేనివారికి గట్టిగా చదివి వినిపించేలా ఏర్పాటు చేయండి.

ఇక చదవవలసినవి. మొదట చెప్పవలసింది, ప్రజా సేవలను ఎలా రూపొందించాలో చెబుతూ బ్రిటిష్ ప్రభుత్వం ఉచితంగా అందరికీ తెరిచి ఉంచిన సర్వీస్ మాన్యువల్. అక్కడ 2011లో ప్రభుత్వ డిజిటల్ సర్వీస్ అనే విభాగాన్ని ఏర్పాటు చేసి, అంతవరకు చెల్లాచెదురుగా ఉన్న ప్రభుత్వ సమాచారాన్ని 2012 అక్టోబరులో గవ్.యూకే అనే ఒకే చోటికి చేర్చడం మొదలుపెట్టారు. అదే సంవత్సరం వారు ప్రకటించిన రూపకల్పన సూత్రాలలో మొదటిది, వాడేవారి అవసరంతో మొదలుపెట్టమన్నది. మాన్యువల్‌తో పాటు 14 అంశాల సేవా ప్రమాణం కూడా ఉంది. వాటిలో రెండవదీ, మూడవదీ మీరు ముందుగా చదవండి. సమస్యను ముక్కగా కాకుండా మొత్తంగా పరిష్కరించాలని రెండవది చెబుతుంది. తెర, ఫోను, కాగితం, కౌంటరు, ఏ దారిలో వచ్చినా సేవ ఒకే తీరుగా అందాలని మూడవది చెబుతుంది. సొంతంగా ఆన్‌లైన్‌లో పని చేసుకోలేనివారికి మనిషి సాయం ఎలా అందించాలన్న దాని మీద కూడా అక్కడ మార్గదర్శకం ఉంది. మన కేంద్రాలలో రోజూ జరుగుతున్నది అదే కనుక ఆ భాగం మీకు బాగా పనికివస్తుంది. అయితే వారి తెరలను దించుకోకండి. అవి ఆ దేశపు చట్టాలకూ, ఆ ప్రజల అలవాట్లకూ కుదిరినవి. అడిగి, చూసి, సరిదిద్ది, మళ్లీ చూసే వారి పద్ధతిని మాత్రం పూర్తిగా తీసుకోండి.

మన దేశంలో కేంద్ర ప్రభుత్వ జాతీయ ఈ-గవర్నెన్స్ విభాగం యూఎక్స్ ఫర్ జీ అన్న పేరుతో, ప్రభుత్వ వెబ్‌సైట్లకూ యాప్‌లకూ పనికివచ్చే సిద్ధమైన భాగాలనూ మార్గదర్శకాలనూ ఉచితంగా అందిస్తోంది. బటన్లు, పెట్టెలు, రంగులు మీరు మొదటి నుంచి కనిపెట్టనక్కరలేదు. రూపకల్పన మూలసూత్రాలకు ఐఐటీ బొంబాయి వారు ఇతర సంస్థలతో కలిసి నడుపుతున్న డీ-సోర్స్ పాఠాలు మంచివి. ఒక తెరలో సాధారణంగా ఎక్కడ తప్పులు దొర్లుతాయో పట్టుకోవడానికి, వాడుక సౌలభ్యం మీద పనిచేసిన నిపుణుడు జాకబ్ నీల్సన్ 1994లో స్థిరపరచిన పది సూత్రాలు చాలు. వాటి వివరణ కూడా ఉచితంగానే దొరుకుతుంది.

వీటన్నింటికంటె మీ పనికి దగ్గరగా వచ్చే సాధనం సేవా పటం. అమెరికాలో సేవల మార్కెటింగ్ నిపుణురాలు లిన్ షోస్టాక్ 1984లో ఒక వ్యాసంలో, బూట్లు పాలిష్ చేయడమనే చిన్న పనిని ఉదాహరణగా తీసుకుని దీనిని వివరించారు. ఒక పెద్ద చార్టు మీద అడ్డగీత గీసి, పైన రైతుకు కనిపించే మెట్లను, కింద ఆయనకు కనిపించని ఆఫీసు పనులను వరుసగా రాయడమే ఈ పద్ధతి. మీ కౌలు రైతు దారిని అలా గీయండి. మాట అనుకుని మక్తాకు భూమి తీసుకోవడం, నాట్లు, పంట నమోదు, వేలిముద్ర, కోత, తేమ పరీక్ష, మిల్లు, డబ్బు, ఇలా గీసుకుంటూ వెళితే ఒక చోట మీ చేయి ఆగుతుంది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు ఇచ్చే పత్రం గడువు 11 నెలలు, దానికి భూ యజమాని సంతకం కావాలి. భూమి మీద తన హక్కుకు ఏమవుతుందోనన్న భయంతో యజమాని సంతకం పెట్టకపోతే, మీ యాప్ ఎంత తేలికగా ఉన్నా ఆ రైతు మొదటి మెట్టు దాటలేడు. దీనిని మీ ఓటమిగా అనుకోవద్దు. ఎంతమంది ఆ మెట్టు దగ్గర ఆగిపోయారో లెక్కతో, పటంతో సహా మండల వ్యవసాయాధికారి ముందు పెట్టగలిగితే, అది యాప్ కంటె విలువైన పని. ఆ పత్రంలో యజమాని హక్కుకు భంగం లేదన్న మాటను ఆయనకే అర్థమయ్యే తెలుగులో ఒక పేజీలో రాసి ఇవ్వడం కూడా రూపకల్పనలో భాగమే.

నమూనాను మొదట కాగితం మీద గీసి పరీక్షించండి. అయిదుగురితో పరీక్షిస్తే లోపాలలో దాదాపు 85 శాతం బయటపడతాయని నీల్సన్ 2000లో రాసిన లెక్క తరచు వినిపిస్తుంది. కానీ ఆ లెక్క ఒకే రకం మనుషులకు వర్తించేది. రకాలు వేరైతే ఒక్కో రకం నుంచి ముగ్గురు నలుగురు కావాలని ఆయనే చెప్పారు. మీకు కౌలు రైతులు, సొంత రైతులు, కేంద్రం ఉద్యోగులు, మూడు రకాలూ కావాలి. కాలేజీ స్నేహితులు ఈ లెక్కలోకి రారు. పరీక్షలో అసలు ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు వాడకుండా కల్పిత వివరాలే వాడండి. ఎదుటివారు తడబడినప్పుడు ‘అక్కడ నొక్కండి’ అని అందించకుండా మౌనంగా ఉండటం మీకు అన్నింటికంటె కష్టమనిపిస్తుంది. అయినా ఉండండి, ఎందుకంటే ఆ తడబాటు కోసమే మీరు వెళ్లారు.

ప్రశ్న: నేను గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ను. సాఫ్ట్‌వేర్ ఎక్కడో తయారవుతుంది, తిట్లు మాకు పడతాయి. ఒకే పనికి ముసలివారు మూడు నాలుగుసార్లు తిరగడం చూడలేకపోతున్నాను. ఏదీ మార్చే అధికారం లేని నాలాంటివారికి ఈ రూపకల్పన పాఠాలు ఏమైనా పనికివస్తాయా?
– ఒక ఉద్యోగి, రాజోలు ప్రాంతం

జవాబు: తప్పకుండా పనికివస్తాయి. మీరు కూర్చున్న కుర్చీకి ఈ ప్రాంతంలో చరిత్ర ఉంది. 2000ల తొలి సంవత్సరాలలోనే పశ్చిమ గోదావరి జిల్లాలో గ్రామీణ ఈ-సేవ కేంద్రాలను స్వయం సహాయక సంఘాల మహిళలు నడిపారు. రాష్ట్రంలో సచివాలయ వ్యవస్థ 2019 అక్టోబరు 2న కాకినాడ దగ్గరి కరపలోనే మొదలైంది. వాట్సాప్‌లో సేవలందించే మన మిత్ర 2025 జనవరిలో 161 సేవలతో వచ్చిన తరువాత కూడా, చదువురానివారు, ఫోను లేనివారు, వేలిముద్ర పడనివారు మీ దగ్గరికే వస్తున్నారు. అంటే తేలిక పనులు ఫోనుకు పోగా చిక్కు పనులు మీకు మిగులుతున్నాయి. తెర ఎక్కడ మొరాయిస్తోందో మీకు తెలిసినంతగా దానిని తయారుచేసినవారికి కూడా తెలియదు.

సాఫ్ట్‌వేర్‌ను ముట్టుకోకుండా మీరు చేయగలవాటిలో మొదటిది మళ్లీ రావడాన్ని లెక్కపెట్టడం. ఒక రిజిస్టరులో మనిషి పేరు లేకుండా, ఏ సేవ, ఎన్నోసారి రావడం, ఏ కారణంతో వెనక్కు పంపారు అన్న మూడు గడులు చాలు. ఒక నెల రాస్తే కారణాలలో మూడో నాలుగో పదేపదే కనిపిస్తాయి. నా అనుభవంలో వాటిలో ఒకటి ఎప్పుడూ పేరే. ఆధార్‌లో పేరంతా ఒకే వరుసలో ఉంటుంది. పాన్ దరఖాస్తు ఇంటిపేరును విడిగా అడుగుతుంది. బడి రికార్డులో ఇంటిపేరు పొడి అక్షరమై ముందు నిలబడితే, పెళ్లయిన ఆడవారి ఇంటిపేరు ఒక కాగితంలో పుట్టింటిది, ఇంకో కాగితంలో అత్తింటిది. నేను చెప్పిన బ్రిటిష్ మార్గదర్శకం కూడా, వీలైన చోటల్లా పేరును ముక్కలు చేయకుండా ఒకే పెట్టెలో అడగమంటుంది. ఇంటిపేరు ముందు వచ్చే మనకు అది ఇంకా అవసరం. ఆ మార్పు మీ చేతిలో లేకపోయినా, వచ్చిన మనిషిని వరుసలో గంటసేపు నిలబెట్టక ముందే కాగితాలలో పేర్లు కలుస్తున్నాయో లేదో చూసి చెప్పే ఏర్పాటు మీ చేతిలోనే ఉంది.

రెండవది, తలుపు బయట బోర్డు. చాలాచోట్ల అది పథకాల పేర్లతో నిండి ఉంటుంది. మనిషి మాత్రం ‘మా ఆయన పోయారు, పింఛను నా పేరున మార్చాలి’ అన్న మాటతో వస్తాడు గానీ పథకం పేరుతో రాడు. బోర్డును అలా వచ్చే పనుల వారీగా, తేవలసిన కాగితాలతో రాయండి. పని అయ్యాక చేతికి ఇచ్చే చీటీ మీద నంబరుతో పాటు, తరువాత ఏం జరుగుతుంది, ఎన్నాళ్లకు, అప్పటికి రాకపోతే ఎవరిని అడగాలి అన్న మూడు మాటలు పెన్నుతోనైనా రాయండి. ‘ఏమైందో చూద్దామని వచ్చానండీ’ అనే రాకలు దీనితో చాలావరకు తగ్గుతాయి.

వేలిముద్రల మాట ఒకటి. పొలం పనిలో, కొబ్బరి పీచు పనిలో అరిగిపోయిన వేళ్లున్నవారి చేత యంత్రం మీద పదిసార్లు నొక్కించడం, అందరి ముందు ‘మీ వేలు పడటం లేదు’ అని గట్టిగా అనడం వారిని చిన్నబుచ్చుతుంది. కనుపాప లేదా ఓటీపీ దారి ఉన్న సేవ అయితే రెండో ప్రయత్నం తప్పగానే అటు మళ్లించండి. మీ రిజిస్టరు లెక్కను నెలనెలా మండల కార్యాలయానికి ఒక పేజీలో పంపండి. ఫిర్యాదును పక్కన పెట్టేయవచ్చు గానీ, తేదీలతో ఉన్న లెక్కను పక్కన పెట్టడం కష్టం.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. చూపు బాగా తగ్గింది. కొన్ని కార్యాలయాల వెబ్‌సైట్లలో లేత బూడిదరంగు అక్షరాలు నాకు కనిపించవు, బొమ్మలో అక్షరాలు గుర్తుపట్టమంటే అసలే చేతకాదు. ఇలా ఉండకూడదని ఏదైనా నియమం ఉందా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: అయ్యా, ఉంది. వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండటానికి ప్రపంచమంతా అనుసరించే డబ్ల్యూసీఏజీ అనే ప్రమాణాలు మామూలు అక్షరాలకూ వాటి వెనుక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలంటాయి. మీరు చెప్పిన లేత బూడిదరంగు అక్షరాలు చాలావరకు ఈ కొలతకు అందవు. ఎండలో గట్టు మీద నిలబడి ఫోను చూసే రైతుకు కూడా ఇదే కొలత రక్ష. 2023 అక్టోబరులో వచ్చిన వీటి 2.2 రూపం, ఒకసారి ఇచ్చిన వివరాన్ని అదే పనిలో మళ్లీ టైపు చేయించకూడదనీ, లోపలికి ప్రవేశించడానికి జ్ఞాపకశక్తి పరీక్షలు, పజిళ్లు పెట్టి వేరే దారి చూపకుండా ఉండకూడదనీ చేర్చింది. మన దేశంలో ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో మొదలై, 2023లో మూడవ రూపం దిద్దుకున్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ అందుబాటును హక్కుగా చూస్తుంది.

వీటికి బలమిచ్చే తీర్పు ఒకటి ఇటీవల వచ్చింది. యాసిడ్ దాడి బాధితులూ, చూపు లేని వ్యక్తీ వేసిన వ్యాజ్యాల మీద 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పి, మనిషి ఎవరో ఆన్‌లైన్‌లో నిర్ధారించుకునే ఈ-కేవైసీని అందరికీ అనువుగా మార్చడానికి 20 ఆదేశాలు ఇచ్చింది. కన్ను ఆర్పి చూపిస్తే తప్ప మనిషి బతికి ఉన్నట్టు నమ్మని తెర ముందు, కనురెప్పలు కాలిపోయిన మనిషి ఏం చేయాలన్నది అక్కడ అసలు ప్రశ్న. ఈ తీర్పు మనసులో పెట్టుకుంటే మీ ఇబ్బందిని వయసు తెచ్చిన లోపంగా భావించి సర్దుకుపోరు. ఏ పేజీ, ఏ తేదీ, ఏం కనిపించలేదు అని రాసి ముందు ఆ కార్యాలయానికి, జవాబు రాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు పంపవచ్చు. ఈలోగా మీ ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగులలో అక్షరాల సైజు పెంచుకునే వీలు, తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఉన్నాయి. అది తెలుగు కూడా చదువుతుంది. కంప్యూటరులో అయితే తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. దగ్గరలోని కుర్రవాళ్ల చేత ఒకసారి పెట్టించుకోండి.

ప్రశ్న: మా సహకార సంఘం దరఖాస్తు ఫారాలను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చే పని నాకు అప్పగించారు. నేను రాసిన తెలుగు కంటె ఇంగ్లీషే నయమని సభ్యులు అంటున్నారు. తప్పు ఎక్కడ జరిగింది?
– ఒక ఉద్యోగి, మండపేట

జవాబు: మీరు మాటను మాటతో మార్చి ఉంటారు. గిడుగు రామమూర్తి గారు వందేళ్ల కిందట పాఠ్యపుస్తకాల విషయంలో పోరాడిన సంగతే ఇప్పుడు ఫారాలలో మిగిలి ఉంది. ‘ఋణగ్రహీత యొక్క శాశ్వత నివాస చిరునామా’ అన్న చోట ‘మీ ఇంటి చిరునామా’ అంటే చట్టానికి ఏమీ నష్టం లేదు. ఓటీపీ, లోన్, ఆధార్, బ్యాంకు జనం నోటి మాటలై పోయాయి కనుక వాటికి కొత్త తెలుగు పుట్టించకండి. కాలం అడిగేటప్పుడు ‘సార్వా (ఖరీఫ్)’, ‘దాళ్వా (రబీ)’ అని రెండూ వేయండి. తప్పు జరిగినప్పుడు ‘చెల్లని నమోదు’ అనకుండా, ఏం తప్పో, ఎలా దిద్దుకోవాలో చెప్పండి: ‘ఫోన్ నంబరులో 9 అంకెలే ఉన్నాయి, 10 ఉండాలి.’

అచ్చు విషయంలో మన లిపికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కనుక ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల ఎడం తెలుగుకు చాలదు. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ అన్న మాటల వత్తులు కింది వరుసకు తగులుతున్నాయేమో చూడండి. మండలి, నోటో సాన్స్ తెలుగు వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా వాడుకోవచ్చు. ఫారం సిద్ధమయ్యాక నలుగురు సభ్యులకు ఇచ్చి, ‘ఇది మిమ్మల్ని ఏం అడుగుతోందో మీ మాటలలో చెప్పండి’ అనండి. ‘అర్థమైందా?’ అని మాత్రం అడగకండి. మర్యాదకు అందరూ అయిందనే అంటారు. వారు చెప్పిన మాట మీరు రాసినదాని కంటె బాగుంటే, సిగ్గుపడకుండా అదే రాసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. డిజైన్ చదువుతానంటోంది. అది బొమ్మలు వేసే చదువేనా, ఉద్యోగాలకు పనికివచ్చేదేనా?
– ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: బొమ్మలు అందులో ఒక భాగం మాత్రమే, మనుషులను గమనించి, వారి పనిని తేలిక చేసే మార్గం వెతకడం అసలు చదువు. ప్రభుత్వ కార్యాలయాలు, బ్యాంకులు, ఆసుపత్రులు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు, ఎవరు ప్రజలకు సేవలందిస్తున్నా ఈ పని తెలిసినవారు కావాలి. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకున్నా ఐఐటీలలో బీ.డిజైన్‌కు యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయవచ్చు. జాతీయ డిజైన్ సంస్థలకు వేరే పరీక్ష ఉంది, వాటిలో ఒకటి మన రాష్ట్రంలోనే ఉంది. ఐఐటీ హైదరాబాదులోనూ డిజైన్ విభాగం ఉంది. అయితే లక్షలు పోసి కోచింగ్‌లో చేర్పించే ముందు ఆమెకు ఒక చిన్న పని అప్పగించి చూడండి. మీ ఊరి బస్టాండులో ఒక ఆదివారం ఉదయం కూర్చుని, నరసాపురం బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియక ఎంతమంది ఎవరిని అడుగుతున్నారో రాసుకుని, అడగకుండానే తెలిసే బోర్డు ఒకటి అట్ట మీద తయారు చేయమనండి. దానిని నలుగురు ప్రయాణికులకు చూపించి వచ్చి, రెండోసారి మార్చి గీయాలని ఆమెకే అనిపిస్తే ధైర్యంగా దరఖాస్తు చేయించండి.